ఎవలిదిగాని మేక

మేక పేరు బొల్లి. ఒళ్లంత నలుపు, నడుము చుట్టు తెల్ల పట్టె. పొత్తుల మేక అది. సగం నాది, సగం ఇస్రాయేలుది.

మెల్లగ రాయి బిడ్డా, తొందరేం లేదు. నేను ఆగినకాడ నువ్వు గూడ ఆగు.

మా ఊరు మర్రిగూడకు రెండు కోసులు. నీళ్లు లేని నేల. వాన పడితె జొన్న, ఆముదం, కంది. పడకుంటె కూలి. మాలవాడల పదిహేను ఇండ్లు మావి. మా ఇల్లు ఈ కొసకు, ఇస్రాయేలు ఇల్లు ఆ కొసకు. వాళ్ల నాయిన మిషనోళ్ల మతంల కలిసి కొడుక్కు ఆ పేరు పెట్టిండు. ఊళ్లె ఒక్కనికి గూడ నోరు తిరగకపోయేది. అందరు 'ఇసిరాయి' అనేటోళ్లు. నేను వాన్ని బావ అనేటోన్ని, వాడు నన్ను బావ అనేటోడు. రక్తం చుట్టరికం ఏం లేదు, వాడల వరసలు గంతే.

ఒక ఎండకాలం మేమిద్దరం కురుమ జానయ్య మందను దిండి వాగు దిక్కు తోల్కపోయినం. నాలుగు నెలలు చెట్ల కింద పండుడు, మంద ఎనుక నడుసుడు. తిరిగి వచ్చినంక కూలి అడిగితె జానయ్య ఒక ఆడ మేకపిల్లను తెచ్చి మా ముందట ఇడ్సిండు.

"మేమిద్దరం గద మామా, పిల్ల ఒక్కటేనా?" అని అడిగిన.

"మీరిద్దరు కలిసి ఒక్క మనిషి పని గూడ చెయ్యలేర్రా. ఒక్క పిల్ల ఎక్కువనే" అన్నడు.

ఇస్రాయేలు నవ్విండు. "పా బావా, ఇంకొక్క మాట అంటె దీన్ని గూడ గుంజుకుంటడు" అన్నడు. గట్ల వచ్చింది బొల్లి.

కోసుకొని తిందామా అని నాకొక ఆశ ఉండె, నిజం చెప్తున్న. ఇస్రాయేలు తల్లి మారెమ్మ ఒప్పుకోలే. ఆమెకు దగ్గు. రొమ్ముల పిల్లి ఉన్నట్టు గురగుర అనేది. దేవరకొండల హకీం ఒకాయన, పచ్చి మేకపాలు తాగు, పిండినయి పిండినట్టు, పొదుగు వేడి సల్లారకముందే తాగు అని చెప్పిండట. మా వాడల పాడి ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. ఊళ్లోళ్ల పాలు మా దాకా రావు. వస్తె మజ్జిగ నీళ్లు వస్తయి, అవి గూడ పైకెల్లి మా ముంతల పోసుడే, ముంత ముట్టరు.

"పాలు కావాలంటె పొదుగు మన చేతుల ఉండాలెరా. ఇంకొకల చేతులకెల్లి వచ్చే పాలు పాలే గావు" అన్నది మారెమ్మ.

అట్ల మేకను సాదుకున్నం. వంతులు పెట్టుకున్నం. ఒక వారం నా ఇంట్ల కట్టేసుడు, ఒక వారం వాళ్లింట్ల. ఎవలింట్ల ఉంటె వాళ్లు మేపాలె. పాలు మాత్రం ఎక్కడున్నా పొద్దటియి నాకు, పొద్దుమూకువి మారెమ్మకు. మొదటి ఈత పిల్లలు నాయి, రెండో ఈత పిల్లలు వానియి. ఒక్కనాడు కొట్లాట రాలే. నా పెండ్లాం జంగమ్మ పొద్దున ముంత పట్టుకొని ఆ కొసకు పోయేది, ఇస్రాయేలు పొద్దుమూకినంక ముంత పట్టుకొని ఈ కొసకు వచ్చేటోడు. వాడ ఆడోళ్లు "మీ రెండిండ్లకు ఒక్కటే మేక పెండ్లామా" అని ఎక్కిరిచ్చేటోళ్లు.

ఇప్పుడు తప్పు ఎక్కడ మొదలైందో చెప్త.

ఆ కాలంల ఇంట్ల మేక ఉన్నదంటె దసరకు ఒక పిల్లను దొర గడికి తోలాలె. బంచరాయిల, సర్కారు బీడుల, మేసినందుకు పుల్లరి కట్టాలె. సర్కారీ మనిషి ఎవడన్న వచ్చి ఊళ్లె దిగితె వానికి పాలు, కోళ్లు, కట్టెలు, మేక, ఏది అడిగితె అది ఇయ్యాలె. ఇచ్చింది మళ్ల రాదు. వెట్టి అంటె గదే. పటేలు దగ్గరికెల్లి ఆ కబురు మోసుకొచ్చేటోడు మస్కూరి కురుమయ్య. ముసలోడు. ఒక మోకాలు వంగదు. కట్టె కొట్టుకుంట వచ్చేటోడు.

మొదటిసారి వచ్చి "మైసయ్యా, ఈ మేక నీదేనా?" అని అడిగిండు.

నాకు నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో వచ్చింది. "నాది గాదు కాకా. నా ఇంట్ల కట్టేసిన గంతే. ఇస్రాయేలుది" అన్న.

కురుమయ్య కుంటుకుంట ఆ కొసకు పోయిండు. "ఇసిరాయీ, మేక నీదట గద?"

"నాదా? ఎవడన్నడు? నేను మేపుత గంతే కాకా. మైసయ్యది."

ఆయన మళ్ల ఈ కొసకు వచ్చిండు. మళ్ల ఆ కొసకు పోయిండు. ఎండ కొడుతుంది. ఆఖరికి రెండిండ్ల నడుమ కూసొని, కట్టెను నేలకు ఏసి కొట్టి, "మీ మేక పాడుగాను, మీ ఇద్దరి నడుమ నా మోకాలు పోయిందిర్రా" అని తిట్టుకుంట పోయిండు. పటేలుతోని, ఎవలిదో తెలుస్తలేదు పటేలా అని చెప్పిండట. ఆయనకు తెల్వదా? తెలుసు. ఊరంతకు తెలుసు. ముసలోడు మా మీద దయతోనే చెప్పకపోయిండు. మేమేమో మా తెలివి అనుకున్నం. ఆ దినం కడుపు పట్టుకొని నవ్వినం. మూడేండ్లు గదే ఆట, గవే దొంగ ఒట్లు. గడికి ఒక్క పిల్ల పోలే, ఒక్క పుల్లరి కట్టలే.

నాలుగో ఏడు జంగమ్మకు నెలలు నిండినయి. ఆడపిల్ల పుట్టింది. అయిదో నాడు జ్వరం అందుకున్నది. తొమ్మిదో నాడు జంగమ్మ పోయింది.

ఆమె గురించి గింతకంటె చెప్ప. రాయకు.

పిల్లకు మా అవ్వ పేరు పెట్టిన. గుర్వమ్మ. పిడికెడు ఉండేది. నాకు పిల్లను ఎట్ల ఎత్తుకోవాల్నో గూడ ఎరుక లేదు, గంపను పట్టుకున్నట్టు రెండు చేతులతోని పట్టుకొని నిలబడ్డ. మారెమ్మ దగ్గుకుంట వచ్చి "ఇటియ్యిరా, దాన్ని ముల్లె అనుకున్నవా" అని గుంజుకున్నది.

"పొద్దటి పాలు నీయేనాయె. ఇగ పొద్దుమూకువి గూడ దీనికే" అన్నది.

"మరి నీ దగ్గో అత్తా?"

"నా దగ్గు నాతోని ముసల్దయిందిరా. దానికి అన్ని అలవాటే. ఇది ఇంకా దగ్గుడే నేర్వలే."

మొదట గుడ్డ ఒత్తి పాలల్ల ముంచి నోట్ల పెట్టింది. తర్వాత ఉగ్గుగిన్నెతోని పోసింది. పాలు పొయ్యి మీద పెట్టేది గాదు. అప్పుడు పిండి అప్పుడే. సల్లారితె పిల్లకు పడకపోయేది, కక్కేది. నెల తిరిగేసరికి మారెమ్మ ఇంకొకటి చేసింది. పిల్లను బొంత మీద పండవెట్టి, మేకను మీదికి తెచ్చి, చన్ను పిల్ల నోటికి అందిచ్చింది. నేను భయపడ్డ, తొక్కుతదేమో అని. తొక్కలే. రెండు మూడు దినాలకు బొల్లి దానంతటదే వచ్చి, పిల్లకు అటొక కాలు ఇటొక కాలు ఎడం పెట్టి, నెమరేసుకుంట నిలబడేది. గుర్వమ్మ గుటుకు గుటుకుమని తాగేది. ఇస్రాయేలు సూసి "బావా, నీ బిడ్డ పెద్దగైనంక మే మే అంటదేమో సూడు" అన్నడు. జంగమ్మ పోయినంక నేను నవ్వింది అప్పుడే.

పిల్ల బుగ్గలు వచ్చినయి. మూడు నెలలు నిండినయి.

ఎండలు ముదిరినయి. ఆ ఏడు పట్నం దిక్కు ఎక్కడనో లడాయి నడుస్తుందని సర్కారు లేవీ గింజలు గుంజుతుండె. ఆ లెక్కలు సూడనీకె గిర్దావరు, తాసిల్దారు కింది మనిషి, వచ్చి మా చావడిల దిగిండు.

పొద్దుగాల కురుమయ్య వచ్చిండు. వారం నాది, మేక నా ఇంట్ల ఉన్నది. గుర్వమ్మ మేక కింద పాలు తాగుతుంది. కురుమయ్య ఎప్పటోలె వాకిట్ల నిలబడి అడగలే. లోపటికి వచ్చి, వంగని కాలు సాపుకొని నా పక్కన కూసున్నడు. జర సేపు పిల్లనే సూసిండు.

"మైసయ్యా, నా మాట ఇను. ఈసారి కోసుకొని తినేందుకు గాదు. గిర్దావరుకు కడుపుల పుండట. బర్రెపాలు పడయట, మేకపాలే తాగుతడట. రెండు దినాలు ఉంటడు. పొద్దటి పాలు ఒక్క చెంబు ఇయ్యి. మేక నీ ఇంట్లనే ఉంటది, పొద్దుమూకువి పిల్లకు ఇడ్సిపెడతరు. నాది అని ఒక్క మాట అను. ఎనకటియి అన్ని నేను సూస్కుంట."

ఆయన ముఖం దిక్కు సూసిన. ముప్పై ఏండ్లకెల్లి పటేలు మాట మోసినోడు. పోయినేడు ఎల్క బక్కన్నతోని గూడ రెండు దినాలకే అని ఎడ్లను తోల్కపోయిండు. ఆ ఎడ్లు మళ్ల రాలే. నాకు అదే కండ్లల్ల తిరిగింది.

"నాది గాదు కాకా" అన్న.

"మైసయ్యా, పిల్ల దాని కింద ఉన్నదిరా."

"పిల్ల నాదే. మేక నాది గాదు."

ఆయన కట్టె పట్టుకొని లేసిండు. ఆ కొసకు పోయి ఇస్రాయేలును ఎప్పటోలె అడిగిండు, నీదేనారా అని. నాకు చెప్పిన ముచ్చట వానికి చెప్పలే. తిరిగి తిరిగి యాష్టకొచ్చిందేమో. వాడు ఎప్పటోలె నవ్వి "మైసయ్యది" అన్నడు.

ఈసారి పటేలు ఊకోలే. గిర్దావరు ముందట మాట పోయింది గద. "ఇద్దరిది గాకుంటె ఎవలిదిరా? ఎవలిదిగాని సొమ్ము లావారిసు. లావారిసు సొమ్ము సర్కారుది" అని పంచనామ రాయించి, నా దడికి కట్టేసిన మేకను ఇప్పించి, తోల్కపోయి బందెలదొడ్ల పెట్టించిండు. దొంగ మేత మేసిన గొడ్లను పెట్టే రాళ్ల దొడ్డి అది, చావడి ఎనుక. ఎనిమిది దినాలు సూస్తరట. నాది అని సాక్ష్యంతోని వచ్చినోనికి ఇస్తరట. ఎవ్వలు రాకుంటె హర్రాజు.

అదొక్కటే అయితె గాదు. పంచనామ రాసినంక మేకను ముట్టినోడు దొంగ అని చాటిచ్చిండు. పిండనీకె లేదు. గిర్దావరుకు గూడ ఆ పాలు పోయలే. లావారిసు పాలు నేను తాగ అని ఆయనే అన్నడట, కాయిదా తప్పని మనిషి. పుండు కడుపుతోని గంజి తాగి పండిండట. ఆ మేక పాలు ఆయన తాగలే, నా బిడ్డ తాగలే, ఎవ్వలు తాగలే.

నేను ఉరికిన ఇస్రాయేలు దగ్గరికి. "పా బావా, పోయి ఒప్పుకుందాం" అన్న.

వాడు నా చెయ్యి పట్టుకున్నడు. "పిచ్చోని లెక్క చెయ్యకు. ఇప్పుడు నాది అన్నవనుకో, మూడేండ్ల పిల్లలు, మూడేండ్ల పుల్లరి మెడకు సుడతరు. మన తోలు గూడ మిగలది. గిర్దావరు రెండు దినాలల్ల పోతడు. పోయినంక కురుమయ్య కాళ్లు పట్టుకుంటె ఎవలకు తెల్వకుండ ఇడ్సిపెడతడు. రెండు దినాలు బావా. నోరు మూస్కో."

వాని మాట ఇన్న. ఎందుకు ఇన్ననంటె నాకు గూడ అదే కావాలె.

ఆ రెండు దినాలు పిల్లకు బెల్లం నీళ్లు పోసినం, జొన్న గంజి మీది తేట పోసినం. జానయ్య మంద వాగు దిక్కు పోయింది, ఊళ్లె ఇంకొక మేక పాలకు లేదు. వాడల అమృతమ్మ అని చంటిపిల్ల తల్లి ఉండె. నేను పిల్లను ఎత్తుకపోయి వాకిట్ల నిలబడితె ఆమె లేసి చేతులు సాపింది. అత్త అడ్డమొచ్చింది. "బాలింత సచ్చిన పిల్లకు చన్నిస్తె నీ పాలు గూడ పోతయే. ముందు నీ కొడుకును సూస్కో" అన్నది. అమృతమ్మ చేతులు ఎనుకకు తీసుకున్నది. ఆమె తప్పు అనను. ఆమె కొడుకు గూడ ఎముకల గూడే.

రెండోనాడు పిల్లకు నీళ్ల లెక్క ఇరేచనాలు పట్టుకున్నయి. మూడోనాడు ఏడుపు సన్నగైంది. గిర్దావరు పోలే. లెక్కలు తెగలేదట.

మారెమ్మ నన్ను సూసి "ఇంకా ఎవలికోసం సూస్తున్నవురా?" అన్నది.

ఇస్రాయేలుకు చెప్పకుండనే చావడికి పోయిన. వాడు కట్టెలకు పోయిండు. పోయి పటేలు కాళ్ల మీద పడి "మేక నాదే దొరా, సగం నాది, సగం ఇస్రాయేలుది, కొట్టుర్రి, ఏమన్న చెయ్యుర్రి, మేకను ఇయ్యుర్రి" అన్న.

పటేలు నవ్విండు. "మూడేండ్లకెల్లి నీది గాని మేక ఇయ్యాల నీదైందా?" అన్నడు.

గిర్దావరు కుర్సీలకెల్లి సూసిండు. కోపంగ లేడు, నిద్ర లేనోని లెక్క ఉన్నడు. "సగం ఇతనిదంటె, మిగిలిన సగం ఉన్నోడు కూడ వచ్చి చెప్పాలె. ఇద్దరి మాట ఒక్కటైతె మేకను ఇచ్చెయ్" అన్నడు. నాకు పానం లేసొచ్చింది. నన్ను లోపటి అర్రల కూసోబెట్టి మస్కూరిని ఇస్రాయేలు కోసం తోలిన్రు. మాట కలపకుండ ఇద్దరిని ఏరేరు సేసిన్రు.

గోడ అవతలికెల్లి నాకు అన్ని ఇనబడ్డయి.

"ఏమిరా, ఆ మేక ఎవలిది?" పటేలు.

"నాకేం తెలుసు దొరా?"

"మైసయ్య నీది అంటున్నడు."

ఇస్రాయేలు ఎప్పటి ఆటే అనుకున్నడు. నేనెప్పుడు గట్లనే అంటుంటి గద, ఇస్రాయేలుది అని. వాడు గడుసుగ అన్నడు. "నాది గాదు దొరా. మైసయ్యది గూడ గాదు. అడివిలకెల్లి ఎటో వచ్చింది, పాపం అని కట్టేసినం. మా అమ్మ మీద ఒట్టు, నా దేవుని మీద ఒట్టు."

నన్ను కాపాడుతున్ననని అనుకున్నడు వాడు.

నేను లోపటికెల్లి "బావా!" అని ఒర్లిన. ఎవడో నోరు మూసిండు. ఇద్దరి మాట ఒక్కటి గాలే. గిర్దావరు కాయితం మడిచిండు. "అబద్ధాలు" అన్నడు, గంతే. పటేలు మాత్రం ఇద్దరిని చింతబరిగెలతోని కొట్టించిండు. కొట్టించి, రేపు గిర్దావరు సామాను మీరిద్దరే చింతపల్లి దాక మొయ్యాలె అన్నడు.

తెల్లారి మోసినం. నా నెత్తి మీద పరుపు, పెట్టె. వాని నెత్తి మీద కాయితాల పెట్టె, గిన్నెలు. గిర్దావరు గుర్రం మీద ముందట. చానా దూరం నడ్సినం. గిన్నెలు మోగుడు ఒక్కటే.

"నువ్వు ఒప్పుకున్నవని నాకెట్ల ఎరుక బావా?" అన్నడు వాడు.

నేను నెత్తి మీది పెట్టె సరిచేసుకున్న.

"నువ్వు నాకొక్క మాట చెప్పి పోవద్దా?"

"నువ్వు ఒట్టు ఎందుకు పెట్టినవ్?"

"ఎప్పుడు పెట్టలేదా? ఇద్దరం పెట్టలేదా?"

"అప్పుడు నా బిడ్డ సావుబతుకుల లేదు."

వాడు నిలబడిపోయిండు, నెత్తి మీద పెట్టెతోని. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకోనీకె చెయ్యి లేదు. "నా ఒట్టేనా బావా? నా ఒట్టేనా?" అన్నడు. నేను ఆగకుండ నడ్సిన.

అప్పుడు నేను వానికి చెప్పొచ్చుండె. మూడు దినాల కింద కురుమయ్య నా పక్కన కూసొని ఏం చెప్పిండో. రెండు దినాల పాలే అడిగిండు, మేకను గాదు అని. చెప్పలే.

మర్నాడు పగటికి ఇంటికి చేరినం. ఇంట్ల మారెమ్మ లేదు, పిల్ల లేదు. బందెలదొడ్డి దిక్కు ఉరికినం. మారెమ్మ దొడ్ల నేల మీద కూసొని ఉన్నది, ఒడిల గుర్వమ్మ. దొడ్డి కట్టెలు ఇప్పి కురుమయ్య బయట నిలబడ్డడు. పటేలు కొడితె కొట్టనియ్ అని ఆయనే లోపటికి పంపిండట.

బొల్లి మూలకు ఉన్నది. అయిదు దినాలాయె పిండక. పొదుగు రాయి లెక్క గట్టిపడ్డది, ఎర్రగ కాలుతుంది. మారెమ్మ పిల్లను కింద పండవెట్టి పిలిస్తె మేక వచ్చిందట. వచ్చి ఎప్పటోలె కాళ్లు ఎడం పెట్టిందట. పిల్ల నోరు తగలంగనే ఒర్లి ఎగిరి దూకిందట. మారెమ్మ చేత్తోని పిండి సూసింది. పాలు గాదు, చీము నెత్తురు వచ్చింది.

"మేక తప్పు లేదురా" అన్నది మారెమ్మ. ఆమెకు దగ్గు గూడ రాలే అప్పుడు.

పిల్లను ఎత్తుకున్న. బరువు లేదు. దాని పెదవులు ఆడుతున్నయి, తాగుతున్నట్టు. ఆ పొద్దు పోయింది, ఇంకొక పొద్దు పోయింది. మూడో పొద్దున ఆడుడు ఆగిపోయింది.

జంగమ్మ పక్కనే పెట్టినం. ఇస్రాయేలు గుంత తవ్వుతా అని వస్తె గడ్డపార వాని చేతులకెల్లి గుంజుకున్న. నేనే తవ్విన.

హర్రాజుల ఆ మేకను ఎవ్వలు పాడలే. పొదుగు పోయిన మేక ఎవలకు కావాలె. పటేలు "ఇద్దరిది అన్నవు గద, ఇద్దరు తీసుకపోర్రి" అని ఇడ్సిపెట్టిండు. ఇస్రాయేలు తోల్కపోయి సాదిండు. ఒక్క చుక్క పాలియ్యని మేకను అది సచ్చేదాక మేపిండు. మారెమ్మ ఆ ఏడు తొలకరిల పోయింది. దగ్గి దగ్గి పోయింది.

వాడల ఒక మాట పుట్టింది. ఇసిరాయి దొంగ ఒట్టు మైసయ్య బిడ్డను తిన్నది అని. ఆ మాట మొదలు అన్నది నేనే. తాగినప్పుడు అన్న, తాగనప్పుడు గూడ అన్న. ఊరంత అన్నది. వాడు ఒక్కనాడు ఎదురు చెప్పలే. నేను ఎదురొస్తె తల వంచుకొని పక్కకు జరిగి తొవ్వ ఇచ్చేటోడు. నాలుగేండ్లకు నిజాం పోయిండు, వెట్టి పోయింది, పటేలు ఊరు ఇడ్సి పట్నం పోయిండు. నేను మళ్ల పెండ్లి చేసుకున్న, మీ నాయిన పుట్టిండు. వాడు గూడ చేసుకున్నడు. వానికి అరుణమ్మ అని ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డ పుట్టినంక వాడు ఇంట్లకు మేకను గాని, బర్రెను గాని రానియ్యలేదు. పిల్లకు పాలు పక్క ఊరికెల్లి కొనుక్కొచ్చేటోడు. కురుమయ్య ఎన్నడో పోయిండు. ఆ పొద్దు నాకేం చెప్పిండో ఆయన ఒక్కనికే ఎరుక, ఆయన గూడ ఎవలకు చెప్పలే.

పోయినేడు కాదు, అటేడు, అరుణమ్మ నా కోసం మనిషిని తోలింది. నాయిన నిన్ను సూడాలె అంటున్నడు మామా, అన్నం ముడతలేడు, పానం పోతలేదు అని. పోయిన. మంచంల నారలెక్క ఉన్నడు. నన్ను సూసి లేవబోయిండు, చాత గాలే.

"బావా" అన్నడు. నలభై ఏండ్లాయె ఆ పిలుపు ఇనక. "నా ఒట్టే గద బావా. ఆ దినం నేను అవునంటె అయిపోయేది. పిల్ల బతికేది."

అరుణమ్మ ఇసనకర్రతోని ఇసురుతుంది. నేను మంచం పట్టె మీద కూసున్న. నోరు తెరిస్తె ఎంత సేపు? కురుమయ్య నాకు చెప్పిండు బావా, రెండు దినాల పాలే అని నాకే చెప్పిండు, నాది గాదు అని మొదలు అన్నది నేను. గంతే. నాలుగు మాటలు. 

"పోనియ్ బావా. నేను మాఫ్ చేసిన" అన్న.

వాడు ఏడ్సిండు. నవ్విండు గూడ. రెండు చేతులు కలిపి నాకు దండం పెట్టిండు బిడ్డా. నేను పెట్టించుకున్న.